రెండు నిమిషాల నిశ్శబ్దం

“ఏమండీ, ఈ స్విచ్ బోర్డు వేడెక్కుతోంది. ఒక్క మిక్సీ తీసేయనా?”

“వద్దు. అన్నీ తిరగాల్సిందే,” అన్నాడు ఆడియో ఇంజనీరు, కంపెనీ హాలు బయట నిలబడి ఫోనులో. “మిక్సీ, గ్రైండరు, వాక్యూమ్ క్లీనరు, డ్రిల్లు. ఒక్కటి తగ్గినా నా పరువు గంగపాలే.”

“అన్నీ ఒకే బోర్డుకి తగిలించి వెళ్ళారు మరి. తలుపైనా తీయనా?”

“తీస్తే మోత బయటికి పోతుంది. పది నిమిషాలు ఓర్చుకో. నేను లైన్లోనే ఉంటాగా, అంతా వింటూనే ఉంటాను.”

“పన్నెండేళ్ళ కాపురంలో నా మాట వింటాననడం ఇదే మొదటిసారి,” అని నవ్విందామె.

ఇంట్లో కిటికీ లేని ఆ సామాన్ల గదిని ఎంచుకున్నది అతనే. తలుపు పక్కన బోర్డు, దాని చుట్టూ కంపెనీ నుంచి మోసుకొచ్చిన ఖాళీ అట్టపెట్టెలు, మూలన ఓ స్టూలు. ఆ స్టూలు మీద ఫోను పట్టుకుని ఆవిడ.

ఆ కంపెనీలో ఏటా ఒకరోజు ఆడియో, కంప్యూటర్లు, ఫోన్లు అనే మూడు విభాగాలూ తమ ప్రగతిని చైర్మన్ ముందు పెట్టాలి. రికార్డింగులు తెస్తే ఆయన ఒప్పుకోడు. వస్తువు ఉద్యోగి ఇంట్లోనే, అప్పటికప్పుడు పనిచేసి చూపించాలి. పోయినేడు ఇంజనీరు, చుట్టూ ఉన్న రొదంతా తీసేసి మాటను మాత్రమే పంపే ఫోను తెచ్చానని గొప్పలు పోయాడు. సరిగ్గా అప్పుడే పక్కింటి మొగుడూపెళ్ళాల అరుపులు హాలంతా మోగాయి. జనం పడీపడీ నవ్వారు. ఈసారీ ఇంతే అయితే ఆడియో విభాగాన్ని ఎత్తేస్తానని చైర్మన్ అక్కడే చెప్పేశాడు. అవమానం మనిషిని తినేసింది. పంతం పట్టి, మామూలుగా మాట్లాడే గొంతు తప్ప ఏ కేకా దాటకుండా ఫోనుకి నేర్పాడు. పాపం, అది నేర్పడానికి రోజూ గంటసేపు భార్య చేత చదివించాడు.

హాలులో లైన్ కలిపారు. అతను రాసిచ్చిన చీటీని ఆమె చదివింది. పక్కన కూర్చుని చెబుతున్నట్టు ప్రతి మాటా స్పష్టంగా వినిపించింది.

“ఇప్పుడు మా ఆవిడ రెండు నిమిషాలు ఊరుకుంటుంది,” అన్నాడు ఇంజనీరు. “యంత్రాలు మాత్రం తిరుగుతూనే ఉంటాయి. మీకేమైనా వినిపిస్తే చెయ్యెత్తండి.”

ఎవరూ చెయ్యెత్తలేదు. ఒక నిమిషం గడిచింది. ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

“లైన్ తెగిపోయిందేమో,” అన్నాడు కంప్యూటర్ల విభాగం పెద్ద, ఆశగా.

ఇంజనీరు తెర చూపించాడు. కాల్ నడుస్తూనే ఉంది. రెండో నిమిషమూ అయిపోయింది. చైర్మన్ లేచి చప్పట్లు కొట్టాడు.

“ఏడాదిలో ఇంత తేడా నేనెప్పుడూ చూడలేదయ్యా. రేపట్నుంచి ఆడియో విభాగానికి నువ్వే పెద్ద.”

ఇంజనీరుకి కళ్ళు చెమర్చాయి. ఏడాది కష్టం ఊరికే పోలేదు. ఇంటికెళ్ళగానే ఆవిడకే ముందు చెప్పాలనుకున్నాడు.

కంప్యూటర్ల పెద్దకి మాత్రం కడుపు మండింది. “అంతా బాగానే ఉంది సార్. అసలు అక్కడ యంత్రాలు తిరిగాయా అని? ఆవిడ హాయిగా సోఫాలో కూర్చుని ఉండొచ్చుగా.”

“నిజమేనయ్యా,” అన్నాడు చైర్మన్. “దానికేమంటావు?”

ఇంజనీరు దీనికోసమే ఎదురుచూస్తున్నాడు. “రొద తీసేయకముందు ఫోను విన్నదంతా విన్నట్టే దాచాను సార్. ఆ రెండు నిమిషాలూ వినండి,” అని మీసం సవరించుకుని మీట నొక్కాడు.

మోత హాలు గోడలు అదిరేలా పుట్టింది.

ఆ మోతలో ఆమె “తలుపుకి నిప్పంటుకుందండీ, వింటున్నారా” అని అరుస్తూనే ఉంది.