ఖలాఫ్ కొలతకు కొన్న గుడ్డ

కత్తెర ఆ తెల్లగుడ్డలోకి కరకరమంటూ దిగింది.

మంచి గుడ్డ. మెత్తని, ఒత్తు నేత. ఖెనా పట్నం నుంచి తెచ్చింది. శవానికి చుట్టడానికి కొన్న కఫన్ కాబట్టి ఎక్కడా ఒక్క కుట్టు లేదు.

కిందటి నెల ఖలాఫ్ దాన్ని రెండు చేతుల మీద పరుచుకుని, చెప్పుల్లేకుండా, ఊరి పెద్దలు వేయించిన పందిట్లోకి నడిచొచ్చాడు. మా నాయనను చెరకుతోటలో కాల్చింది అతనే.

"నా కఫన్ నేనే మోసుకోనొచ్చినా. సంపుతారో, ఇడిసిపెడతారో మీ ఇష్టం," అన్నాడు.

మా అన్న దాహీ అతని మెడ మీద కత్తి పెట్టాడు. చాలాసేపు పెట్టి, చివరికి పక్కన కట్టేసిన గొర్రెను కోశాడు. గొర్రె నెత్తురు ఖలాఫ్ పాదాల మీదుగా పారింది.

ఆ గుడ్డ మా ఇంట్లో ఉన్నంతకాలం ఖలాఫ్‌ను ముట్టుకోకూడదు. మాట తప్పాలనుకుంటే ముందు దాన్ని వాళ్ల గుమ్మంలో విసిరి రావాలి. విసరకుండా చంపినవాణ్ణి సొంతవాళ్లే వెలివేస్తారు.

విసిరితే మొదట ఖలాఫ్ పోతాడు. ఆ తర్వాత దాహీ. నాకున్నది ఒక్కడే అన్న.

ఈలోగా నా పెళ్లి కుదిరింది. పట్నంలో పెళ్లిగౌను అద్దెకు అడిగితే, నన్ను చేసుకోబోయే గాబిర్ ఇటుకబట్టీలో నెలంతా మోసినా రానంత చెప్పారు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. తర్వాత లేచి కత్తెర వెతుక్కున్నాను.

అమ్మ పొలానికి వెళ్లినప్పుడల్లా మిద్దె మీద కూర్చుని కుట్టాను. అమ్మమ్మ పాత శాలువాలోంచి వెండి జరీ ఊడదీసి మెడ చుట్టూ వేశాను. సిమెంటు సంచుల కాగితం ఎర్రటి కర్కదే పూల టీలో ముంచి, ఆరబెట్టి, మైదా జిగురుతో గొలుసులు చేశాను. మిగిలిన తెల్ల పీలికలను గులాబీల్లా చుట్టి ఖర్జూరపు మట్టలకు కట్టాను. వీధి పిల్లలు ఎగబడి ఆ చివర నుంచి ఈ చివర దాకా వేలాడదీశారు.

పెళ్లి ముందురోజు మధ్యాహ్నం గౌను వేసుకుని చూసుకుంటుంటే, కింద అమ్మ అరుపు వినిపించింది.

టీ కొట్లో ఎవడో దాహీని అడిగాడట, గొర్రెమాంసం అరిగిందా అని.

అమ్మ తన తల మీది నల్లగుడ్డ లాగి అన్న మొహాన కొట్టింది.

"కప్పుకోరా! ఆ తుపాకి ఇట్లా తే, నేను పోతా. రగతానికి రగతం పడేదాకా మీ నాయన పరామర్శకొచ్చినోళ్లకి కుర్చీ యేయకూడదని మూడేండ్లు కాసుకోనుంటి. నువ్వేమో గొర్రెను కోసుకోని తింటివి!"

పెట్టె మూత దబ్బున పడింది. మెట్ల మీద అన్న అడుగులు.

"కఫన్ యాడుందే బహీగా?"

నన్ను చూశాక మళ్లీ అడగలేదు.

"ఇప్పు."

"ఇప్పను."

తుపాకి మడమతో మూతి మీద కొట్టాడు. పెదవి చిట్లి జరీ మీద నెత్తురు పడింది. జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. చెయ్యి పట్టి గుంజితే చంక కింద గౌను పర్రున చిరిగింది.

"పీక్కోని పో," అన్నాను నెత్తురు ఉమ్మేసి. "సేతులు ఈడుండాయి. కుచ్చిళ్లు ఈడుండాయి. మిగిలిందంతా పూలై వీధిలో యాలాడతాండాది. సగం పిలకాయల జేబుల్లోకి పోయినాయి. అన్నీ ఏరుకోని, ఖలాఫ్ గుమ్మంలో మీ సెల్లెలి పెండ్లిగౌను ఇసిరిరా. టీ కొట్లో గొర్రె మాట మర్సిపోతారులే."

తుపాకి గొట్టం నా గొంతుకు ఆనింది. ఎండకు కాలిపోతోంది. చంపేస్తాడనే అనుకున్నాను. భయంతో కాళ్ల వెంట తడి కారుతుంటే, గౌను తడవకుండా పైకి ఎత్తి పట్టుకున్నాను.

దాహీ ఆ ఎత్తిపట్టిన గౌనునే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత పిట్టగోడ దగ్గరికి పోయి నా తోరణాల మీద కాల్చాడు. తూటాలు నింపి మళ్లీ కాల్చాడు. మట్టలు విరిగి పడ్డాయి. ఎర్ర కాగితాలు, తెల్ల పూలు తునకలై వీధంతా రాలాయి.

పెళ్లి సంబరానికి కాలుస్తున్నారనుకుని ఇరుగుపొరుగు ఆడవాళ్లు నాలుకలు ఆడిస్తూ కూతలు పెట్టారు.

ఆ కూతలు వినలేక అన్న అక్కడే కూలబడ్డాడు.

అమ్మ పైకొచ్చింది, తల మీద ఏమీ లేకుండా. నా మూతినీ గౌనునూ చూసింది.

"కావాలనే కత్తిరించినావా?"

"అద్దెకి తెచ్చుకునేకి దుడ్లు యాడుండాయమ్మా."

నెత్తురు మరక మీద ఇంకో వరస జరీ కుట్టాను. చిరుగును చేతికి వచ్చినట్టు అతికాను.

పెళ్లినాడు దాహీ తలెత్తకుండా అందరికీ టీ గ్లాసులు అందించాడు. రాజీ అయ్యాక ఆ ఇంటివాళ్లు ఈ ఇంటి పెళ్లికి రావాల్సిందే. నెత్తిన చక్కెర పళ్లెం పెట్టుకుని ఖలాఫ్ తల్లి వచ్చింది.

ఆడవాళ్ల పాట ఆగిపోయింది. అమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది.

ఆవిడ పళ్లెం దించి నా దగ్గరికొచ్చింది. గౌను కుచ్చిళ్లను వేళ్ల మధ్య నలిపి చూసింది. చాలాసేపు వదల్లేదు.

"మావోని ఎత్తుకి కొనింటి," అంది. "నీకి శానా పొడుగై ఉంటాది గదమ్మా."

"మడిసి కుట్టినా, అత్తా."

అంచు దగ్గర దారం ఒకటి వేలాడుతోంది. ఆవిడ కింద కూర్చుని దాన్ని పళ్లతో తెంపింది.

అమ్మ ఇంకా గోడనే చూస్తోంది.

"సంక కింద ఇంగోటుండాది," అంది. "అదీ తెంపమను."