మూత లేని గిన్నె

"ఆ మూత తియ్యి!"

అత్తగారి కేకకు కోడలి చేతిలో గరిటె జారిపోయింది. అన్నం దించి ఎంతోసేపు కాలేదు.

అత్తగారు పరుగున వచ్చి మూత లాగేసింది. గిన్నె లోపల ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టు ఒక్క క్షణం చెవి ఒగ్గింది. తర్వాత అన్నమంతా వెడల్పాటి పళ్లేల్లో పలచగా పరిచి, ఆవిరి పోగానే ఫ్రిజ్‌లోకి తోసింది. ఆ ఇంట్లో వేడన్నం తినాలంటే పొయ్యి పక్కనే కూర్చోవాలి.

కాపురానికొచ్చిన కొత్తలో కోడలికి ఇదంతా వట్టి చాదస్తమనిపించింది. అసలు సంగతి భర్త చెప్పాడు. మామగారు ఏ వేళకొచ్చినా అన్నం వెచ్చగా ఉండాలి. లేకపోతే కంచం గోడకు, చెయ్యి భార్య మీదకు. అందుకే ఆవిడ గిన్నెకు మూతపెట్టి, దుప్పటి చుట్టి ఉంచేది. ఒకరోజు పొద్దున వండిన అన్నం సాయంత్రం తిని, వాంతులు పట్టుకుని ఆయన పోయాడు. బియ్యంలో ఉండే కొన్ని సూక్ష్మజీవుల బీజాలు ఉడికినా చావవనీ, గంటల తరబడి గోరువెచ్చగా ఉంచితే మేలుకుని విషం కక్కుతాయనీ డాక్టరు చెప్పాడట. అప్పట్నుంచి గిన్నె మీద మూత కనిపిస్తే ఆవిడకు దయ్యం కనిపించినట్టే.

ఆ సాయంత్రం భర్త భోజనానికి కూర్చున్నాడు.

"మళ్లీ చల్లారిన అన్నమేనా? మా అమ్మ పిచ్చి నీకూ అంటుకుందా?"

"వేడి చేసి తెస్తానండీ..." అంటుండగానే చెంప ఛెళ్లుమంది. అతను విసవిసా బయటికి పోయాడు.

గుమ్మంలో అత్తగారు కొయ్యబారిపోయింది. "అచ్చం వాళ్ల నాన్నే," అని గొణిగింది.

కోడలు ఏడుపు దిగమింగుకుంది. ఈవిడ భయం ఒక్కటీ పోతే అన్నం వేడిగా ఉంటుంది, తనకు దెబ్బలు తప్పుతాయి. అదొక్కటే దారిలా తోచింది. అత్తగారి పక్కన చేరి చెయ్యి పట్టుకుంది.

"ఇంకెన్నాళ్లు కుమిలిపోతారత్తయ్యా? మీరేమైనా కావాలని చేశారా? ఆ బీజాల సంగతి అప్పుడు మీకేం తెలుసు, పాపం!"



"తెలియకపోవడమేంటమ్మా, పెళ్లికి ముందు ఆహార పరీక్షాశాలలో నా ఉద్యోగమే వాటిని నిద్రలేపడం," అంది అత్తగారు, కోడలి చెంప మెల్లగా నిమురుతూ.