గుమ్మంలో చదివిన స్తుతి

గెట్సెల్ దొరికాడట. సాయంత్రం ఇంటికి తీసుకొస్తారట. కబురు వినగానే ఫ్రూమా చేతిలో పని పక్కన పెట్టేసింది.

మొగుడు మాయమై నాలుగేళ్లు. అతను తన చేత్తో విడాకుల పత్రం ఇస్తే తప్ప ఆమెకు విడుదల లేదు. జెరూసలేంలోని ఆ రాతి సందుల్లో యూదుల ధర్మం అంతే. ఇవాళ ఇస్తే బతికిపోయింది. ఇవ్వనంటే ముసలిదయ్యేదాకా ఇలాగే పడి ఉండాలి.

ఈ నాలుగేళ్లూ ఆమె కొత్త బట్ట కట్టలేదు, కొత్త కాపు పండు నోట పెట్టలేదు. కొత్తది ఏది ముట్టినా “మమ్మల్ని బతికించి, నిలబెట్టి, ఈ రోజుకు చేర్చిన దేవా” అని స్తుతి చదవాలి. ఏ రోజుకు చేర్చాడని చదవడం?

బావగారు జల్మన్ అందరికంటే ముందే వచ్చి కూర్చున్నాడు. మహా నిష్ఠాపరుడు. తగని స్తుతిలో దేవుడి పేరు పలికితే పాపమని, మంచినీళ్లు తాగేటప్పుడు కూడా ఆచి తూచి స్తుతి చదివే రకం. తమ్ముడి కోసం ఊళ్లు పట్టుకు తిరిగింది ఆయనే. తిరిగొచ్చిన ప్రతిసారీ ఒకటే మాట: “జాడ లేదమ్మా. ఓపిక పట్టు.”

ఇంట్లో విడాకుల మాట పుడితే తన కూతుళ్లకు సంబంధాలు తప్పిపోతాయని ఆయన భయం. కిందటి నెలే ఆఖరి పిల్ల పెళ్లి కూడా అయిపోయింది.

“బావగారూ, ఇవ్వనంటే?”

“మంచి మాట అనమ్మా. ముందు వాణ్ణి కూర్చోబెట్టి ఇంత తిండి పెట్టు.”

“నాలుగేళ్లు ఎవరు పెట్టారో వాళ్లనే పెట్టమనండి.”

జల్మన్ గడ్డం దువ్వుకుంటూ కిటికీలోంచి బయటికి చూశాడు.

సందులో ఆడవాళ్లు ఉన్నట్టుండి మాటలాపేశారు. ఎవరో పిల్లల్ని లోపలికి లాగి తలుపేసుకున్నారు. మెట్ల మీద అడుగుల చప్పుడు. తొందర లేని అడుగులు. ఫ్రూమాకు పారిపోవాలనిపించింది.

విడాకుల తీర్పులు చెప్పే ముసలి మతగురువు, రబ్బీ ఏల్కన, నలుగురు పెద్దలతో ముందు వచ్చాడు. వెనకాల గెట్సెల్. ఒళ్లు చేసి నున్నగా ఉన్నాడు. ఆమె వైపు చూడలేదు.

“నువ్వు ఎక్కడున్నావో ఇంట్లో ఎవరికైనా తెలుసా?” అన్నాడు రబ్బీ.

“ఎవరికీ తెలియదు. అన్నయ్యను చూసి కూడా నాలుగేళ్లు.”

జల్మన్ లేచి గుమ్మంలోనే తమ్ముణ్ణి కావలించుకున్నాడు. ఏదో అనబోయి ఆగాడు. తర్వాత గట్టిగా చదివాడు: “మమ్మల్ని బతికించి, నిలబెట్టి, ఈ రోజుకు చేర్చిన దేవా, నీకు స్తోత్రం.”

వచ్చినవాళ్లందరూ ఆమెన్ అన్నారు. ఫ్రూమా అనలేదు.

“ఏమ్మా, ఆమెన్ అనవేం?” అన్నాడు రబ్బీ.

“రబ్బీగారూ, ఏడాది దాటి కనబడ్డ మనిషికి ‘చచ్చినవాళ్లను బతికించే దేవా’ అని చదవాలి కదా, మా బావగారు చదివింది ఏడాది లోపు చూసినవాళ్లకు చదివేది.”