చూరులో గాలం

"ఏటలా సూత్తన్నావు తాతారావూ? బేగి దిగు. పొద్దెక్కితే సేపలు రాళ్ల కిందకి పోతాయి" అని మా అత్త ఒడ్డునుంచి కొడుకును తొందరపెట్టింది.

మా ఆయన మోకాళ్ల లోతు నీళ్లలోకి నడిచి గాలం వేశాడు. చైత్రం కదా, కొండ ఏరు తేటగా ఉంది.

పడిన చేపను నా మొహం చూడకుండా నా బుట్టలో వేశాడు.

"పులుసెట్టుకుని తినే గుంటా. ఒంట్లోకి సత్తువొస్తాది" అంది అత్త మెత్తగా.

నేను తల వంచుకున్నాను. బుట్టలో చేప ఇంకా కొట్టుకుంటోంది.

ఆలి కడుపుతో ఉన్నన్నాళ్లూ మగవాడు ప్రాణి తీయకూడదని మా ఆచారం. నాకు నెల తప్పిందని తెలిసిన రోజున ఆయన నవ్వుతూ ఈ గాలాన్ని చూరులో దోపాడు. పురుడయ్యాకే మళ్లీ తీస్తానన్నాడు.

కడుపు నిలిచి ఉంటే, ఇది నాకు ఆరో నెల.