బండన్న ఉడుంపట్టు

ఆ అడవిలో ఎవరు మొండికేసినా "అబ్బో, ఉడుంపట్టు!" అనేవారు. కొందరు మెచ్చుకుంటూ అనేవారు, కొందరు విసుక్కుంటూ అనేవారు. ఎలా అన్నా ఉడుము బండన్న పొంగిపోయేవాడు. చిన్నప్పుడు వాళ్లమ్మ అతన్ని చెట్టును కరుచుకోమని, రోజూ తోక పట్టుకుని లాగేది. పట్టు జారితే ఆ పూట తిండి లేదు.

ఒకనాడు వాగు పొంగింది. బండన్న పట్టుకున్న చెట్టు వేళ్లతో సహా నీళ్లలోకి ఒరిగింది. గట్టు మీద ఉడత చారలమ్మ గుండెలు బాదుకుంది.

"వదిలెయ్ అన్నా! ఇటు దూకెయ్!"

బండన్న కదల్లేదు. నీళ్లు అతని నడుం దాకా వచ్చాయి. చారలమ్మకు ఒళ్లు మండింది.

"చావు ముంచుకొస్తున్నా మంకుపట్టేనా? నీ గొప్ప మాకు తెలుసులేవయ్యా, ఇక వదులు!"

బండన్న తల తిప్పాడు. ఆ కళ్లలో గర్వం మచ్చుకైనా లేదు.

"వదలడం ఎలాగమ్మా? మా అమ్మ నాకది నేర్పలేదే!"

చారలమ్మ నిర్ఘాంతపోయింది. ఆమె తేరుకునేలోపే చెట్టు కొట్టుకుపోయింది, దాంతోపాటు బండన్నా.

పక్కనే ఉన్న ముంగిస తన పిల్లను ముందుకు తోసి చూపించింది.

"చూశావురా? పట్టంటే అదీ!"