పొట్లం కాగితం

“ఫాసిజం చచ్చిపోయిందంటే నేనొప్పుకోను,” అన్నాడు వీరరాఘవులు, చేతిలోని పేపరు మడిచి ఒళ్లో పెట్టుకుంటూ.

ఆత్మకూరు బజారులో రమణయ్య శెట్టి అంగడి అరుగు అది. నెల్లూరు బస్సు పేపరు తెస్తుంది. వీరరాఘవులు పైకి చదువుతాడు, చదువురాని పదిమంది చుట్టూ చేరి వింటారు. తర్వాత శెట్టి ఆ కాగితాలతోనే పొట్లాలు కడతాడు. దేశంలో మొదటిసారి అందరికీ ఓట్లు, ఇంకో నెలలో. అందుకని అరుగు మీద వార్తలకంటే వాదనలే ఎక్కువయ్యాయి.

“ఇటలీవోడు పాయె, జర్మనీవోడు పాయె. ఇంక యాడుండాది?” అన్నాడు శెట్టి, పప్పు తూస్తూ.

“మనుషులు పోతే అది పోద్దా? నీకేది మంచిదో నిన్నడక్కుండా ఇంకొకడు తేల్చేస్తాడు చూడు, అదే ఫాసిజం. అది ఈ దేశంలోనే ఉండాది. ఈ సర్కారుకు ఓటేస్తిరా, మీ ఇంట్లోకే వస్తాది.”

అందరూ తలలూపారు. ఆయన ధాటికి ఊపక తప్పదు మరి.

శీనమ్మ ఒక్కతే తన గోడు వదల్లేదు. రాళ్లేరి, కంప కొట్టి, రెండెకరాల బంజరులో పదేళ్లుగా జొన్న వేసుకుని బతుకుతున్న మనిషి. రోజూ వచ్చి అదే అడుగుతుంది.

“బంజర్లకు పట్టాలిచ్చేది ఏమన్నా రాసినారా నాయనా?”

“రాస్తే చదవనా శీనమ్మా? వాళ్ల మాటలు నమ్మబాక.”

ఆమె నిట్టూర్చి బెల్లం అడిగింది. శెట్టి పది రోజుల కిందటి పేపరు చింపి, బెల్లం పెట్టబోయి ఆగిపోయాడు. కళ్లద్దాలు సవరించుకున్నాడు.

“సాగులో ఉండే బంజర్లకు పట్టాలిస్తారంట. పదిహేనో తేదీలోగా తాలూకా కచేరీలో అర్జీ పెట్టుకోవాలంట. పెట్టనోళ్ల భూమి వేరేవాళ్లకు ఇచ్చేస్తారంట.”

“ఈ పొద్దు ఎన్నో తేదీ సామీ?”

“పదహారు.”

శీనమ్మ అరుగు కిందే కూలబడింది. పదేళ్ల రెక్కల కష్టం. ఆ ముఖం చూడలేక జనం తలలు తిప్పుకున్నారు.

“ఇది నీ కంట పడలేదా రాఘవులూ?” అన్నాడు శెట్టి.

“పడింది.” వీరరాఘవులు తల దించలేదు. “చదివుంటే మీరంతా పోయి ఆ సర్కారుకే ఓట్లేస్తారు. మీకేది మంచిదో నాకు తెలీదా?”