పెద్ద అంకె

"మళ్లీ పౌండ్లేనా? కిలోలకేం తెగులొచ్చిందీ?" బరువు చూసే మిషను మీద నిలబడి విసుక్కున్నాడు లారీ డ్రైవరు.

"బ్యాటరీ మార్చినప్పటి నుంచీ ఇంతే. కదలకండి. నూట పన్నెండు!" అంది భార్య.

గాలికి గది తలుపు దభీమని కొట్టుకుంది. అడ్డం పెట్టే ఇనుప తూకంరాయి కొన్నాళ్లుగా కనిపించడం లేదు. ఎక్కడ పెట్టి మరిచిందో ఏమో, తనని తానే తిట్టుకుంటూ గడియ వేసింది.

మిషను అడుగున మీట నొక్కి పౌండ్లకు మార్చింది ఆమే. కుట్టుపనిలో నేర్చిన కిటుకది. లావుపాటి వాళ్లకు నడుము కొలత అంగుళాల్లో చెబుతుంది, బక్కపలచని వాళ్లకు సెంటీమీటర్లలో. అందరూ నవ్వుతూ వెళ్తారు. ఇప్పుడా కిటుకు కట్టుకున్నవాడి మీదే వాడాల్సి వచ్చింది. ఒకప్పుడు ఈయన ఎక్కితే లారీ ఒరుగుతుందని తోటి డ్రైవర్లు ఏడిపించేవారు. జబ్బు చేశాక, కిలోల్లో అంకె చూసిన రోజు ముద్ద ముట్టడం మానేశాడు. అంకె పెద్దది చేయడం తప్ప తన చేతిలో ఇంకేముంది?

"ఆ కోటు విప్పి ఎక్కకూడదూ?"

"చలేస్తోందే. ప్రతి వారం కోటుతోనేగా చూస్తున్నాం, తేడా ఏముంటుంది?"

అదీ నిజమే. ఆమె వంటింట్లోకి వెళ్లి, బట్టలు గీసే సుద్దతో గట్టు మీద గబగబా లెక్క కట్టింది. యాభై కిలోలకు ముప్పావు పైనే! యాభైకి పిసరు తగ్గినా ఆపరేషను చేయనని, చేస్తే మనిషి తట్టుకోలేడని డాక్టరు తెగేసి చెప్పాడు. వెంటనే ఆసుపత్రికి ఫోను చేసింది.

"ఏమండీ, ఎల్లుండే రమ్మన్నారు! బరువు నిలబడిందిగా, ఇక భయం లేదన్నారు." కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ పరుగున వచ్చింది.

అతను ఆమె మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. "ఎన్నాళ్లకు నవ్వావే! ఇంతకీ, వాళ్ల మిషను కిలోలదా, పౌండ్లదా?"

"ఏదైతేనేం? మనిషి మీరేగా! ఉండండి, పాలు వేడి చేసి తెస్తాను."

ఆమె అటు తిరగ్గానే, అతను కోటు లోపలి జేబులోంచి రెండు కిలోల తూకంరాయి తీసి మంచం కిందికి తోశాడు.